పదిహేను పూటల కోడిపిల్ల

చర్చి వెనక కళ్లంలో పశువులకీ పక్షులకీ కలిపి ఒక సంఘం ఉంది. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. మనుషులు లోపల చాపల మీద కూర్చుని పాటలు పాడుతుంటే, ఇవి వెనక గోడకి చేరబడి కిటికీలోంచి వింటూ పెరిగాయి. మనుషులు విన్నదంతా బయట చెప్పులు తొడుక్కునేలోపు మరిచిపోతారు. ఇవి పశువులు కదా, అంత తెలివి లేదు. విన్నది చెయ్యాలనుకున్నాయి.

అలా పుట్టిన ఆచారమే ముందు కబళం. మేత పడగానే మొదటి కబళం ఎవరూ మింగకూడదు. దాన్ని తీసుకెళ్లి కళ్లం మూలనున్న రాతి తొట్టిలో వెయ్యాలి. ఎద్దు గడ్డి, గేదె తవుడు, మేక ఆకు, కోడి గింజ, ఎవరికి ఉన్నది వాళ్లు వేస్తారు. ఈనినవాళ్లు, ముసలివాళ్లు, కాలు విరిగినవాళ్లు ఆ తొట్టిలో తిని బతుకుతారు.

పుల్లన్న అనే ఎద్దు తొమ్మిదేళ్లుగా ఒక్క పూట తప్పకుండా ఆ కబళం వేస్తున్నాడు. తిట్టుకుంటూ వేస్తున్నాడు.

"వెయ్యి పుల్లన్నా, వెయ్యి. బండి లాగేదీ నువ్వే, పెట్టేదీ నువ్వే. ఒక్కడైనా 'బాగా పెట్టావు' అన్నాడా? విశ్వాసం లేని మంద!"

అసలే కోపిష్టి. దానికి తోడు రెండేళ్ల కింద నక్క ఒకడు ఆ సంఘంలో చేరాడు. అప్పట్నుంచి పుల్లన్నకి తిన్నది ఒంటికి పట్టడం లేదు.

ఆ నక్క ఒక ఆదివారం మెడలో ఎండు రేగుకొమ్మ వేసుకుని వచ్చి, కళ్లం మధ్యలో కూలబడి సాక్ష్యం చెప్పాడు. "పాపిని, సహోదరులారా! ఎన్ని కోళ్లని చంపానో! ఇప్పుడు మారాను. మాంసం మానేశాను. వాసన తగిలినా కడుపులో తిప్పుతోంది." అందరూ ఏడ్చారు. మాటకి ముందు స్తోత్రం, మాటకి వెనక స్తోత్రం అనేవాడు కాబట్టి స్తోత్రాలయ్య అని పేరు పెట్టుకున్నారు.

సంఘానికి పెద్ద కోడిపుంజు. స్తోత్రాలయ్య మొదట పట్టింది పుంజునే.

"పెద్దయ్యా, మీరు కూస్తే నాకు ఆకాశం తెరుచుకున్నట్టుంటుంది. ఆ గొంతులో ఏం పెట్టాడండీ దేవుడు!"

అంతే, పుంజు మెడ ఒక జానెడు సాగింది. నెల తిరక్కుండా నక్క పాటలకి పెద్ద అయ్యాడు, తొట్టికి కాపలా అయ్యాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

అంతటితో ఆగాడా? కోత పండుగ మీద పడ్డాడు. వరికోతలు అయ్యాక మనుషులు తొలిపంట తెచ్చి చర్చిలో పెడతారు. గుమ్మడికాయలు, వరి కంకులు, కోడిగుడ్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. మర్నాడు కళ్లంలో పశువులదీ అదే తంతు. కాకపోతే పశువులకి డబ్బెక్కడిది? అవి పూటల్తో పాడుకునేవి. "ఈ గుమ్మడికాయకి రెండు పూటలు" అని గేదె అంటే, రెండు పూటలు పస్తుండి ఆ మేత తొట్టిలో వెయ్యాలన్నమాట. వేసిన తర్వాతే కాయ ఇస్తారు. మేత లేనివాళ్లు తొట్టి దగ్గర అందరి కళ్లముందూ పస్తు కూర్చోవాలి. పండుగ వెళ్లిందంటే తొట్టి నిండేది.

కిందటి పండుగకి స్తోత్రాలయ్య దాన్ని మార్చేశాడు.

"ఛ, దేవుడి పండుగలో ఈ గడ్డి బేరమేమిటి పెద్దయ్యా! ఆయనకి గడ్డి కావాలా? స్తుతి కావాలి. ఎవరు ఎక్కువ స్తుతిస్తే వాళ్లకే వస్తువు."

పస్తు తప్పిందని అందరూ హల్లెలూయా అన్నారు. ఆ ఏడు గుమ్మడికాయ, వేరుశనక్కాయలు, గుడ్లు అన్నీ నక్కే పాడుకున్నాడు. మరి నోరున్నది వాడికే కదా. పశువులు ముందు కబళం వెయ్యడం కూడా మానేశాయి. "నేను స్తుతించానుగా" అని మేక, "నేనూ రెండుసార్లు అన్నానుగా" అని గేదె. తొట్టి అడుగు కనబడింది. గిట్ట చీలి నడవలేని గాడిదక్క ఒక్క పుల్లన్న వేసే గడ్డి మీదే బతుకుతోంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పుల్లన్న మాత్రం పళ్లు నూరుతూనే ఉన్నాడు.

ఈ ఏడు పండుగ వారంలోకి వచ్చేసరికి నక్క చుక్కల పెట్ట దగ్గరికి వెళ్లాడు. పెట్టకి ఏడు పిల్లలు.

"చెల్లెమ్మా, నిన్ను చూస్తే నాకు కళ్లనీళ్లు ఆగవు. ఏం పెంపకం! ఏం భక్తి!"

"పోదురూ," అంది పెట్ట, ఈకలు సర్దుకుంటూ.

"ఏటా గుడ్డు ఇస్తున్నావు. గుడ్డు ఎవరైనా ఇస్తారు. పూర్వం భక్తురాళ్లు కన్నబిడ్డనే తెచ్చి దేవుడికిచ్చారు. అలాంటి తల్లి మన సంఘంలో ఉందా అని రాత్రంతా ప్రార్థన చేశాను. నీ ముఖమే కనబడింది."

"నా ముఖమా?"

"వెలిగిపోతూ!"

గడ్డి నములుతున్న పుల్లన్న నోట్లోది కక్కేసినంత పని చేశాడు. "ఒసే పెట్టా, వాడి కళ్లనీళ్లు చూసి మోసపోతున్నావా! వాడికి కారేది కన్నీళ్లు కాదే, చొంగ!"

"చూశావా చెల్లెమ్మా," అన్నాడు నక్క మెత్తగా. "ఎంత కోపమో పాపం. ఆయన కోసం కూడా ప్రార్థన చేద్దాం."

పెట్ట పుల్లన్న మీదికి లేచింది. "ఇన్నేళ్లలో నా గురించి ఒక్క మంచిమాట అన్నావా నువ్వు? ఇవాళ ఆయన అంటే ఓర్వలేకపోతున్నావు! ఇస్తాను. నా పెద్దపిల్లనే ఇస్తాను. గేదో మేకో పాడుకుని మళ్లీ నాకే ఇస్తారు, ఇదివరకు గుడ్లని ఇచ్చినట్టే. ఇకమీదట నీ దగ్గరికి రాను, ఫో!"

పుల్లన్న కొమ్ములతో గోడ పొడిచాడు. గోడకేమీ కాలేదు, నుదురు బొప్పి కట్టింది. గాడిదక్క పడుకున్నచోటి నుంచే చూస్తోంది.

"అరిచావు. అయిందా?"

"అరవక? పిల్లని నోట్లో వేసుకోబోతున్నాడక్కా వాడు! ఒక్కరికీ కనబడదే!"

"నువ్వు చెబితే ఎలా కనబడుతుంది తమ్ముడూ? వాన పడితే అరుస్తావు, పడకపోతే అరుస్తావు. నీ అరుపు ఈ కళ్లంలో ఈగల మోతలాంటిదైపోయింది."

"నేను పెట్టాను! తొమ్మిదేళ్లు పెట్టాను!"

"పెట్టావు. తిన్నది నేనే. ప్రతి కబళం గొంతులో గుచ్చుకునేది. వాడు ఎదుటివాళ్లని పొగిడి కాజేస్తాడు. నువ్వు నిన్ను పొగుడుతారని పెడతావు. ఇద్దరికీ దేవుడు గుర్తురాడు. వాడికైనా కడుపు నిండుతోంది. నీకేం మిగిలింది? ఆ తొట్టి దగ్గర ఒక్కనాడు నవ్వావా?"

"నన్నూ నక్కనీ ఒకే గాటన కడతావా?"

"కట్టాను. తెంచుకుంటే తెంచుకో."

పుల్లన్న రెండు రోజులు గాడిదక్కతో మాట్లాడలేదు. గడ్డి మాత్రం వేశాడు. అయితే ఆ రెండు రోజుల్లో చెవుల్లో నెత్తురు పీల్చే పిడుదులు పెరిగిపోయి పీక్కు తిన్నాయి. ఇదేమిటి, ఎప్పుడూ లేనిది అనుకున్నాడు. అప్పుడు తట్టింది. రోజూ మధ్యాహ్నం తను పడుకుంటే ఆ పెట్టే మూపురం ఎక్కి, చెవుల్లోంచి పిడుదులు ఏరి తినేది. దాని ముక్కు ఒక్కసారి కూడా గుచ్చుకోలేదు. నాలుగేళ్లుగా. తను ఒక్కసారి "బాగుంది" అన్న పాపాన పోలేదు.

కోపం వచ్చింది. ఈసారి తన మీదే. ఆ కోపం చాలా కొత్తగా, చేదుగా ఉంది.

పండుగ వచ్చింది. కళ్లంలో అందరూ చేరారు. గుమ్మడికాయలు, కంకులు నక్క స్తోత్రాలకే వెళ్లిపోయాయి. ఆఖర్న పుంజు బుట్ట కింద ఉన్న కోడిపిల్లని ముందుకి లాగించాడు. బుట్ట సందుల్లోంచి "కీ కీ" మని వినబడుతోంది.

"చుక్కల పెట్టమ్మ తొలిపిల్ల! ఎవరు పాడతారు?"

స్తోత్రాలయ్య ముందుకాళ్లు చాచి, కళ్లు మూసుకుని అందుకున్నాడు. "ఆకాశమంత స్తోత్రం! సముద్రమంత స్తోత్రం! ఈ బిడ్డ ఒంటి మీద ఎన్ని ఈకలో అన్ని వేల స్తోత్రాలు! ఈ బిడ్డని నా గుహలో, నా ఒళ్లో పెట్టుకుని భక్తిలో పెంచుతాను!"

"హల్లెలూయా!" అంది మంద.

పెట్ట గేదె వైపు చూసింది. గేదె ఏదో అనబోయి, మాట దొరక్క తోక ఊపింది. మేక నేల చూసింది. అప్పుడు పెట్టకి గుండెల్లో రాయి పడింది.

"ఎవరైనా పాడండర్రా," అంది. ఆ గొంతు విని పుల్లన్న లేచాడు.

"నాకు స్తుతి రాదు."

"ఆ సంగతి మాకు తెలియదా!" అన్నాడు నక్క. అందరూ నవ్వారు.

"నవ్వండి. నాకు తెలిసింది ఒకటే ఉంది, అదే చెబుతాను. ఈ పెట్ట నాలుగేళ్లుగా నా చెవుల్లో పిడుదులు తీసింది. హాయిగా నిద్రపోయాను. నా గొప్ప వల్లే నిద్ర పడుతోందనుకున్నాను. ఇలాంటిదాన్ని నా పక్కన పెట్టినందుకు దేవుడికి స్తోత్రం. ఇన్నాళ్లూ నోరు విప్పనందుకు నాకు సిగ్గు. దాని పిల్లకి ఒక పూట పాడుతున్నాను. పాత పద్ధతిలో."

పెట్ట నోరు తెరుచుకుని చూస్తోంది.

"పాత పద్ధతి తీసేశాం కదా?" అన్నాడు పుంజు.

గాడిదక్క తల ఎత్తింది. "ఎవరు తీశారయ్యా పెద్దయ్యా? సంఘం తీసిందా, నక్క తీసిందా?"

అందరూ తనవైపే చూస్తుంటే స్తోత్రాలయ్య పెద్దమనసు చూపించబోయాడు. "పోనివ్వండి పెద్దయ్యా. నోరు లేని పశువు. గడ్డితోనే పాడుకోనివ్వండి. దేవుడి కోసం నేను మాత్రం వెనక్కి తగ్గుతానా? రెండు పూటలు, రెండు వేల స్తోత్రాలు!"

"మూడు," అన్నాడు పుల్లన్న.

"ఐదు! పైన ఐదు వేలు!"

"ఆరు."

"ఎనిమిది!"

"పది."

గేదె గొణిగింది. "చస్తావు పుల్లన్నా. రేపట్నుంచి వడ్ల బళ్లు లాగాలి నువ్వు."

"చస్తే నేను చస్తాను. పిల్ల బతుకుతుంది. పన్నెండు!"

ఆ మాట అంటుంటే పుల్లన్నకి ఒంట్లో ఏదో తేలికైంది. పొద్దుగూకి మెడ మీద కాడి దించినట్టు. ఎవరు మెచ్చుకుంటున్నారా అని చూడాలనిపించలేదు. తొమ్మిదేళ్లలో మొదటిసారి అతనికి తన పేరు గుర్తురాలేదు.

"పదమూడు!" అన్నాడు నక్క నవ్వుతూ.

"పద్నాలుగు." ఇరవై దాకా వెళ్లాలనే లేచాడు పుల్లన్న.

"పదిహేను!"

అప్పుడు పుల్లన్న నక్క ముఖం చూశాడు. నక్క అంకెలు వినడం లేదు. వాడి కళ్లు బుట్ట మీద ఉన్నాయి, నాలుక మూతి చుట్టూ తిరుగుతోంది. మాటలు కోటలు దాటించడం అలవాటైనవాడికి పదిహేనైనా ఒకటే, పదిహేను వందలైనా ఒకటే. ఎప్పుడైనా కట్టి ఉంటే కదా!

పుల్లన్న నోరు మూసుకున్నాడు.

"ఒకటోసారి," అన్నాడు పుంజు. "పుల్లన్నా?"

"ఇక చాలు."

"రెండోసారి. మూడోసారి! స్తోత్రాలయ్యదే!"

పెట్ట ఎగిరొచ్చి పుల్లన్న ముఖం మీద పొడిచింది. "ద్రోహీ! పొగిడి గొంతు కోశావురా! ఇంకొక్క పూట నీకు బరువైందా? నీ కొమ్ములు విరగా!"

"తిట్టు," అన్నాడు పుల్లన్న కదలకుండా. "తిట్టి, చూడు."

నక్క బుట్ట దగ్గరికి పరుగున వచ్చాడు. పుల్లన్న వెళ్లి కొమ్ము అడ్డం పెట్టాడు.

"కట్టి తీసుకెళ్లు."

"ఏం కట్టాలి?"

"పదిహేను పూటలు. కట్టిన తర్వాతే వస్తువు. కట్టకుండా లేచిపోతే వేలం కొట్టేసినట్టే."

నక్క నవ్వబోయాడు. "అదా! ఏదో మాటవరసకి అన్నాను పుల్లన్నా!"

"దేవుడి పేరు పెట్టి మాటవరసకి అన్నావా?"

పుంజు మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "ఆగు. అయితే నా గొంతు వింటే ఆకాశం తెరుచుకుంటుందన్నావే, అదీ మాటవరసకేనా?"

"అయ్యో పెద్దయ్యా, అది వేరు..."

"కూర్చో!" అని కూశాడు పుంజు. ఆ కూతకి ఆకాశం తెరుచుకోలేదు గానీ నక్క తోక ముడుచుకుంది.

"నీకేం ఇబ్బంది?" అంది గాడిదక్క. "మాంసం ఎలాగూ మానేశావుగా. తొట్టిలో నీ వంతు మాకు వదిలేసి, ఆ పిల్ల పక్కనే హాయిగా స్తోత్రాలు చెప్పుకో. నీకిష్టమైన పనే కదా."

నక్క కూర్చోక తప్పలేదు. పుల్లన్న బండికి వెళ్తే గేదె, గేదె మేతకి వెళ్తే పుల్లన్న, ఎవరో ఒకరు కొమ్ములతో పక్కనే ఉన్నారు. మొదటి పూట నక్క గొంతెత్తి పాడాడు. రెండో పూట పెదాలు కదిలాయి. మూడో పూటకి అదీ లేదు.

"స్తోత్రాలయ్యా, పాటేదీ?" అని మేక అడిగింది.

"ఆకలేస్తుంటే పాటేమిటే, నీ మొహం!"

పుల్లన్నకి ఒళ్లు మండిపోయింది. "ఆకలేస్తే రాని పాట నీకు ఎప్పుడొచ్చిందిరా! మా అక్క ఏడాదిగా ఆకలితో ఉంది. తెల్లారి లేచి పాడటం ఒక్కరోజు మానలేదు. నీ గొంతు బాగుందని ఆమె గొంతు మేమెవరం వినలేదు, థూ మా బతుకు!"

పుల్లన్న కూడా తినలేదు. రోజుకి ఒక పూట పస్తుండి ఆ గడ్డి తొట్టిలో వేస్తున్నాడు. "నువ్వు గెలవలేదుగా, నీకేం పట్టింది?" అని గేదె అడిగితే, "నోటితో పద్నాలుగు అన్నాను. అన్నది అన్నదే," అన్నాడు. మర్నాడు గేదె తవుడు కబళం తొట్టిలో పడింది. చెప్పకుండా వేసిపోయింది. మేక రెండు రెమ్మలు తెచ్చింది. గాడిదక్క నమిలింది. ఈసారి ఏదీ గొంతులో గుచ్చుకోలేదు. కడుపు నిండాక ఓండ్ర పెట్టి పాట ఎత్తుకుంది. రాగం లేదు, తాళం లేదు. పుల్లన్న ఖాళీ కడుపుతో తనకి తెలియకుండానే గొంతు కలిపాడు. "మా రాగం చూసి దేవుడు చెవులు మూసుకుంటాడేమోనక్కా" అని పకపకా నవ్వాడు. కళ్లమంతా తిరిగి చూసింది. పుల్లన్నకి నవ్వు వస్తుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం, ఆరో పూట. అందరూ తొట్టి దగ్గర ఉన్నారు. బుట్ట సందులోంచి కోడిపిల్ల తల బయటపెట్టి, నక్క మీసం పురుగనుకుని లాగింది.

అంతే. రెండేళ్ల మారుమనస్సు ఒక్క గంతులో ఎగిరిపోయింది. నక్క నోరు తెరుచుకుని బుట్ట మీద పడ్డాడు. పళ్లు పిల్లకి అందేలోపు పుల్లన్న కొమ్ము వాడి కడుపు కిందికి వెళ్లింది. తొమ్మిదేళ్ల కోపమంతా మెడలోకి తెచ్చుకుని ఒక్క విసురు విసిరాడు. నక్క గాల్లో రెండు పల్టీలు కొట్టి తుమ్మకంప మీద పడ్డాడు.

"ఇది సంఘమా, కసాయి కొట్టా?" అని కంపలోంచి ఏడ్చాడు.

"నువ్వున్నన్నాళ్లూ కసాయి కొట్టే!" అని పుల్లన్న మళ్లీ కొమ్ము దించాడు. వాడు తోకలో సగం బొచ్చు కంపకి వదిలేసి, ఆకలి కడుపుతో, పదిహేనులో ఐదే కట్టి, పొలాలకి అడ్డంపడి పారిపోయాడు.

పెట్ట బుట్ట కిందనుంచి పిల్లని రెక్కలోకి లాక్కుంది. తర్వాత పుల్లన్న దగ్గరికి వచ్చి నిలబడింది.

"చెవులు దురద పెడుతున్నాయా?"

"పెడుతున్నాయి. దానికోసం చెప్పలేదు ఆ రోజు."

"తెలుసులే. దానికోసం చెప్పుంటే వచ్చేదాన్నే కాదు. తల దించు."

పుల్లన్న తల దించాడు.

తన పూట వదులుకుని చేసిన స్తుతిలోనే సంతోషం ఉంది. వదులుకోనివాడి స్తోత్రం ఎవరి పిల్ల కోసమో పన్నిన ఉచ్చు.